ఖబర్ మనది, జబాన్ ఎవరిది?

మా భాంజీ యూనివర్సిటీలో ఇంటర్నేషనల్ కమ్యూనికేషన్ చదువుతోంది. "మామూ, మెక్‌బ్రైడ్ రిపోర్టు పరీక్షలో వస్తదా?" అని అడిగింది. పరీక్ష సంగతి అల్లాకే ఎరుక. 1980లో యునెస్కో అచ్చేసిన ఆ రిపోర్టు లేపిన సవాల్ మాత్రం ఇంకా జిందాగానే ఉంది: పేద దేశాల ఖబర్లు కూడా పెద్ద దేశాల ఏజెన్సీలే ఎందుకు చెప్పాలి?

1990లో ఇరాక్ కువైట్‌లోకి దూరినప్పుడు మా గల్లీ మొత్తం అబ్బా రేడియో చుట్టూ చేరి బీబీసీ ఉర్దూ వినేది. ఎన్నో ఇళ్ల కొడుకులు అక్కడే ఉన్నారు. మనవాళ్ల ఖైరియత్ మనకు లండన్ చెప్పింది! షుక్రియా చెప్పాల్సిందే, కానీ సిగ్గుపడాల్సిందీ ఉంది.

భాంజీ సిలబస్ చూశాను. థియరీలు నిండుగా ఉన్నాయి, పరాయి జబాన్ ఒక్కటీ లేదు. ఇదెక్కడి ఇంటర్నేషనల్? "అరబీ రాకుంటే కువైట్ ఖబర్ నీకెప్పుడూ ఎవరో చేసిన తర్జుమాయే బేటీ" అన్నాను.

సాయంత్రం అరబీ క్లాసు ఫీజెంతో కనుక్కుంటానంది.