మన మాట: కాలేజీ చదువుకు ఆరవ తరగతి లెక్క

"కాలేజీలో చేరిన తరువాత ఉపకార వేతనం సంగతి చూద్దాం" అనే తలిదండ్రులకు మా మనవి: అప్పటికి ఆలస్యమవుతుంది. తమిళనాడు ప్రభుత్వం ఆడపిల్లలకు 2022లో 'పుదుమై పెణ్', మగపిల్లలకు 2024లో 'తమిళ్ పుదల్వన్' పథకాలు ప్రారంభించింది. కాలేజీ చదువుకు నెలకు 1000 రూపాయలు. అయితే 6 మొదలు 12 వరకు ప్రభుత్వ పాఠశాలలోనో, తమిళ మాధ్యమపు ఎయిడెడ్ బడిలోనో చదివి ఉండాలి. నడుమ పరువుకోసం ప్రైవేటు బడికి మార్చితే అర్హత పోతుంది. మార్చవద్దనము, లెక్క చూసుకొని మార్చండి.

మరొక చిక్కు మన ఇళ్ళది. ఇక్కడివారు పేరుకు ముందు తండ్రి పేరు పొడి అక్షరం వ్రాస్తారు. మనం ఇంటిపేరు వ్రాస్తాం. బడి రికార్డులో ఒకటి, ఆధార్‌లో మరొకటి ఉంటే దరఖాస్తు చిక్కులో పడవచ్చు. పదవ తరగతి పరీక్షకు ముందే సరిచేయించండి. వెయ్యి చిన్న మొత్తమే. కాని బస్సు ఖర్చు లేక ఆగిన చదువులు మనమెరుగనివా?