మాత్రలు మానకండి, సోదరీ!

ప్రశ్న: నాకూ మావారికీ హెచ్.ఐ.వి. ఉందని ఆరేళ్ళ క్రితం తెలిసింది. వరంగల్ ఎం.జి.ఎం. ఆసుపత్రిలోని ఏ.ఆర్.టి. సెంటర్ నుంచి మాత్రలు తెచ్చుకుని వాడుతున్నాం. ఆరోగ్యం బాగానే ఉంది. కొందరి ఒంట్లో ఈ వైరస్‌ను అణిచే యాంటీబాడీలు వాటంతటవే తయారవుతాయని మావారు ఎక్కడో విన్నారట. "మనకీ వచ్చే ఉంటాయి, ఇక మాత్రలెందుకు?" అంటున్నారు. నిజమేనా?
- ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: మీవారు విన్నది నిజమే. కానీ మాత్రలు మానేద్దామనడం మాత్రం ప్రాణం మీదికి తెచ్చే మాట.

యాంటీబాడీలంటే రోగక్రిములను పట్టుకునేందుకు మన ఒళ్ళు తయారుచేసుకునే కావలివాళ్ళు. హెచ్.ఐ.వి. సోకిన దాదాపు అందరిలోనూ ఇవి పుడతాయి. మామూలు రక్తపరీక్షలో బయటపడేవి ఇవే. అయితే ఈ వైరస్ వేషాలు మార్చే దొంగలాంటిది. ఆనవాలు పట్టేలోగా రూపు మార్చేస్తుంది. ఎన్ని వేషాలు వేసినా, మన కణానికి అతుక్కునే చోటును మాత్రం అంత సులువుగా మార్చుకోలేదు. కొందరిలో రెండు మూడేళ్ళకు యాంటీబాడీలు అలాంటి చోట్లను పట్టుకోవడం నేర్చుకుంటాయి. అప్పుడవి రకరకాల హెచ్.ఐ.వి.లను అడ్డగలవు. మరీ బలమైనవి వచ్చేది నూటికి ఏ ఒక్కరికో! తల్లి నుంచి వైరస్ సోకిన ఒక చిన్నారి రక్తంలోంచి అలాంటి యాంటీబాడీని ఢిల్లీ ఎయిమ్స్‌లో డాక్టర్ కల్పనా లూథ్రా బృందం వేరుచేసింది. ఆ వివరాలు 2019లో అచ్చయ్యాయి.

చిత్రమేమిటంటే, చాలామందిలో ఇవి సొంతమనిషికే అక్కరకు రావు. ఇవి తయారయ్యేసరికి ఒంట్లోని వైరస్ మళ్ళీ కాస్త మారి తప్పించుకుంటుంది. కొంత వైరస్ కణాల్లో నిద్రపోతున్నట్టు దాగి ఉంటుంది కూడా. ఈ యాంటీబాడీలను ఇంజెక్షన్లుగా ఇచ్చి చూసే పరిశోధనలు జరుగుతున్నాయి. మాత్రలు మాని వాడుకునే మందుగా మాత్రం అవి మన ఆసుపత్రులకు రాలేదు.

మాత్రలు ఆపేస్తే చాలామందిలో కొద్ది వారాల్లోనే వైరస్ మళ్ళీ పెరుగుతుంది. కొన్నాళ్ళు వేసుకుని, కొన్నాళ్ళు మానేస్తే ఆ మందులకు లొంగకుండా తయారయ్యే ప్రమాదమూ ఉంది. మీ ఇద్దరూ ఇవాళ బాగున్నారంటే అది మాత్రల చలవే. 2004 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వం వీటిని ఉచితంగా ఇస్తోంది.

మీవారితో వాదన పెట్టుకోకుండా ఈసారి సెంటర్‌కు ఇద్దరూ కలిసి వెళ్ళండి. వైరల్ లోడ్ పరీక్ష గురించి అడగండి. అందులో వైరస్ కనబడకపోతే రోగం పోయిందని కాదు, మందు పనిచేస్తోందని అర్థం. ఆ మాట డాక్టరుగారి నోటే ఆయనకు చెప్పించండి. మాత్రల డబ్బా పొయ్యికి దూరంగా, పిల్లలకు అందని చోట పెట్టుకుని, రోజూ ఒకే వేళకు ఇద్దరూ కలిసి వేసుకోండి.