ఆ లిస్టుని కింద నుంచి పైకి చదువుదాం



సాయంత్రం పూట డిగ్రీ వాళ్లం కొందరం పక్క హాస్టల్ టెన్త్ తమ్ముళ్లకి సైన్స్ చెప్తుంటాం. మొన్న 'లోహ సంగ్రహణ శాస్త్రం' పాఠం తీశాం. పొటాషియం, సోడియం, కాల్షియం అని మొదలుపెట్టి బంగారం దాకా గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పారు. "ఈ వరస ఇలాగే ఎందుకుందిరా?" అని అడిగితే ఒక్కరూ నోరు విప్పలేదు. నిజం చెప్పాలంటే వాళ్ల వయసులో మేమూ అంతే, బట్టీ కొట్టినోళ్లమే.

మా అభిప్రాయం ఏంటంటే, ఆ చర్యాశీలత శ్రేణిని కింద నుంచి పైకి చదవాలి. అప్పుడు అది మనుషుల చరిత్రలా కనిపిస్తుంది.

అట్టడుగున ఉన్న బంగారం దేనితోనూ తొందరగా కలవదు. అందుకే వాగు ఇసుకలో బంగారంగానే దొరికింది, ఏరుకుంటే సరిపోయింది. రాగి ఆక్సిజన్‌ని పట్టుకుంటుంది కానీ బొగ్గు మంటలో వదిలేస్తుంది. సుమారు 7000 ఏళ్ల కిందటే రాయి నుంచి రాగి తీశారు. ఇనుము పట్టు ఇంకా గట్టిది. అందుకే వేల ఏళ్లు ఆలస్యంగా చేతికొచ్చింది.

ఆ ఇనుము తీసినోళ్లలో మన ఆదివాసీలూ ఉన్నారు. మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్ అడవుల్లో అగరియాలు మట్టి కొలిమి కట్టి, రాయీ బొగ్గూ పోసి, కాళ్లతో తిత్తులు తొక్కి ఇనుము తీసేవాళ్లు. ఇనుము 1538 డిగ్రీల దగ్గర గానీ కరగదు. వాళ్ల కొలిమికి అంత వేడి అక్కర్లేదు. బొగ్గు నుంచి పుట్టిన కార్బన్ మోనాక్సైడ్ రాయిలోని ఆక్సిజన్‌ని లాగేసుకుంటే మెత్తటి ముద్ద మిగులుతుంది, దాన్ని సుత్తితో కొట్టి శుద్ధి చేస్తారు. దీన్నే మన పుస్తకం క్షయకరణం అంటుంది. వెరియర్ ఎల్విన్ 1942లో వాళ్ల మీద ఒక పుస్తకమే రాశాడు. బ్రిటిష్ వాళ్ల అడవి చట్టాలు బొగ్గుకి అడ్డుపడ్డాయి, కొలిమికి పన్ను పడింది, సంతలోకి చవక ఇనుము దిగింది. అలా కొలుములు ఆరిపోయాయి. మన పాఠంలో మాత్రం బ్లాస్ట్ కొలిమి బొమ్మ ఉంటుంది.

ఇంకా పైకి వెళ్తే బొగ్గు పని చెయ్యదు. 1807లో హంఫ్రీ డేవీ కరెంటు పంపించి పొటాషియం, సోడియం విడదీశాడు. అల్యూమినియాన్ని చవగ్గా తీసే పద్ధతిని 1886లో అమెరికాలో హాల్, ఫ్రాన్స్‌లో హెరో విడివిడిగా కనిపెట్టారు. ఇద్దరికీ అప్పుడు 22, 23 ఏళ్లే, అంటే ఇంచుమించు మా వయసు. ఈ రోజుకీ ఒక కిలో అల్యూమినియానికి 13 నుంచి 15 యూనిట్ల కరెంటు పోతుంది.

ఇక్కడే ఈ పాఠం మన మన్యంలోకి వస్తుంది. బాక్సైట్‌కి ఇంత గిరాకీ వచ్చింది ఆ పద్ధతి తర్వాతే. 2015లో జీవో 97 చింతపల్లి వైపు 1,212 హెక్టార్ల అడవిని తవ్వకాలకి ఇచ్చింది. మన పెద్దలు రోడ్డెక్కారు. 2019లో అది రద్దయింది. జీవో పోయింది గానీ కొండలో రాయి అలాగే ఉంది, గిరాకీ కూడా అలాగే ఉంది.

అల్యూమినియమే వద్దని మేము అనట్లేదు. మా హాస్టల్లో అన్నం వండేది ఆ గిన్నెల్లోనే. కానీ రేపు గ్రామసభ ముందు అల్యూమినా, ఎర్ర బురద అని రాసిన కాగితాలు పెడితే చదివి అమ్మానాన్నలకి చెప్పేదెవరు? "సైన్స్ మీవల్ల కాదు, తేలిక గ్రూపు తీస్కోండి" అని మాలో చాలామందికి చెప్పారు. పోరాటానికి కెమిస్ట్రీ ఎందుకని మనవాళ్లే కొందరంటున్నారు. రెండూ తప్పే. కొండ ఎవరికి, ఎందుకు కావాలో తెలియకుండా దాన్ని కాపాడుకోలేం.

కాబట్టి తమ్ముళ్లూ చెల్లెళ్లూ, సైన్స్ వదలకండి. సెలవులకి ఊరెళ్లినప్పుడు తాతనీ అవ్వనీ అడగండి, మన ఊళ్లో కొలిమి ఎక్కడుండేది, ఎవరు ఊదేవాళ్లు అని. వాళ్లు చెప్పింది గ్రూపులో రాయండి. పుస్తకంలో లేని ఆ పేజీ మనమే రాసుకుందాం.