బాకీకి లైసెన్సు తాకట్టా?

ప్రమాదాల్లో గాయపడినవారికి చికిత్స చేసే ఆసుపత్రులకు నిధులు కావాలి. వాటిని ఎవరి జేబులోంచి తీయాలి? అమెరికాలోని టెక్సాస్ శాసనసభ 2003లో దీనికో దారి కనిపెట్టింది. తప్పు చేసిన డ్రైవర్లు కోర్టు జరిమానాతో పాటు మూడేళ్లు అదనపు రుసుము కట్టాలంది. బీమా లేకుండా నడిపితే ఏటా 250 డాలర్లు, మద్యం తాగి నడిపితే కనీసం 1000. అందులో దాదాపు సగం ఆ ఆసుపత్రులకు, అంటే ట్రామా కేంద్రాలకు, మిగిలిన దానిలో అధిక భాగం రాష్ట్ర ఖజానాకు.

కట్టకపోతే లైసెన్సు సస్పెండ్.

అసలు చిక్కు అక్కడే వచ్చింది. బస్సు సౌకర్యం అంతంతమాత్రంగా ఉన్న ఆ రాష్ట్రంలో బండి లేకపోతే పనికి వెళ్లడం కష్టం. పని లేకపోతే బాకీ తీరదు. గత్యంతరం లేక లైసెన్సు లేకుండానే బండి తీసి పట్టుబడితే మళ్లీ కొత్త రుసుము! బీమాకే డబ్బు లేని పేదలు ఈ ఊబిలో కూరుకుపోయారు. లక్షలాది లైసెన్సులు నిలిచిపోయాయి.

అయినా పథకం ఏళ్ల తరబడి కొనసాగింది. రద్దు చేస్తే ఆసుపత్రుల నిధులకు గండి పడుతుందన్న భయమే అందుకు ప్రధాన కారణం. మరో అమెరికా రాష్ట్రం మిషిగన్ 2018లో ఇలాంటి రుసుములకే స్వస్తి పలికింది. టెక్సాస్ 2019 సెప్టెంబర్ 1న పాత బాకీలతో సహా పథకాన్ని రద్దు చేసింది. ట్రాఫిక్ కేసుల్లో రాష్ట్ర జరిమానాను 30 నుంచి 50 డాలర్లకు, వాహన బీమాపై రుసుమును 2 నుంచి 4 డాలర్లకు పెంచి ట్రామా నిధిని కాపాడుకుంది.

పదహారేళ్లు ఆలస్యమైనా ఇది సరైన దిద్దుబాటు. లైసెన్సు రుసుముల చట్టం చేసే ఏ ప్రభుత్వమైనా ఎంత వసూలైందో, ఎటు వెళ్లిందో, ఎందరి లైసెన్సు పోయిందో ఏటా సభ ముందుంచాలి.