తెరను మూయుటకు ముందు

కంప్యూటరు గదిలో గంట మ్రోగగనే గోడమీది స్విచ్చిని కట్టివేయు అలవాటును మేము ఒప్పుకొనజాలము. మన సామర్లకోట జంక్షనులో కాకినాడకు పోవువారు దిగకమునుపే మెయిలుబండిని కదలింతురా? యంత్రములో పనిచేయుచున్న ప్రోగ్రాములకును దిగుటకు కొంత వ్యవధి కావలయును.

లినక్సు వాడు విద్యార్థులకు ఈ వ్యవధి నొసగు ఆజ్ఞలు చేతిలోనే యున్నవి. టెర్మినలు తెరచి, గ్నోమ్ డెస్క్‌టాప్ అయినచో "గ్నోమ్-సెషన్-క్విట్" అనియు, ఎక్స్‌ఎఫ్‌సీఈ అయినచో "ఎక్స్‌ఎఫ్‌సీఈ4-సెషన్-లాగవుట్" అనియు ఆంగ్లాక్షరములతో టైపుచేసిన చాలును. అంతట సెషన్ మేనేజరు తెరచియున్న ప్రోగ్రాములకు కబురంపును. దాచని వ్రాత యేదైన నున్నచో, మంచి ప్రోగ్రాము దానిని దాచవలయునా యని మనలను అడుగును. ఇట్లు అడిగి ముగించు మర్యాద 1994లో ఎక్స్ విండో పదునొకండవ రూపముయొక్క ఆరవ విడుదలతో నియమబద్ధమైనది.

పై తరగతుల బాలురు కొందరు "కిల్" ఆజ్ఞకు 9 అంకెను జతచేసి అన్నిటిని త్రుంచివేయుట నేర్పరితన మనుకొందురు. అంకె లేనిచో ఆ ఆజ్ఞ 15వ సంకేతమును పంపును. దానిని విని ప్రోగ్రాము తన పని సర్దుకొనవచ్చును. 9వ సంకేతము ప్రోగ్రాము చెవిని పడనే పడదు. కెర్నెలే దానిని ఉన్నపాటున తొలగించును. బిగుసుకొనిపోయి, మరి యే మాటయు వినని ప్రోగ్రామునకే అది తగును.

తల్లిదండ్రులును గమనింపవలసిన భేద మొకటి కలదు. ఎక్స్‌ఎఫ్‌సీఈ సెషన్‌ను దాచినదనగా, ఏయే ప్రోగ్రాములు తెరచియుండెనో జ్ఞాపకముంచుకొన్నదని మాత్రమే యర్థము. ఆజ్ఞకు "ఫాస్ట్" అను మాట చేర్చినచో ఆ జ్ఞాపకమును ఉండదు. వ్యాసములోని అక్షరములను మాత్రము అది యెన్నడును దాచదు. కంట్రోలు, ఎస్ మీటలను నొక్కి విద్యార్థియే దాచుకొనవలయును. కరెంటు చెప్పి పోదు గనుక, పేరా పేరాకు నొక్కుట మేలు.

పీరియడు చాలదని ఉపాధ్యాయు లందురు, నిజమే. అయినను ఇంట కంప్యూటరు లేని పిల్లకు వారమున కొక గంటయే దొరకును. ఆ గంటలో ఆమె కూర్చిన రెండు పుటలు స్విచ్చితో మాయమైనచో, మరుసటి వారము మొదటినుండి కూర్చవలసినదే. కావున గంటకు ఐదు నిమిషములు ముందుగా "దాచుకొనుడు, లాగవుట్ చేయుడు" అని చెప్పించి, తెరలన్నియు లాగిన్ పుటకు వచ్చినవని చూచిన పిమ్మటనే యంత్రములను ఆపించవలసినదిగా కోరుచున్నాము.