సంతకపు బంతి



అమెరికాలోని మా చెల్లెలు జాబు వ్రాసినది: “అక్కయ్యా, కీర్తిశేషులైన మామగారు మనుమనికై బేస్‌బాల్ ఆటగానిచే సంతకము చేయించిన తెల్లని తోలుబంతిని కిటికీకడ నుంచితిని. అది పసుపువన్నెకు దిరిగినది, సంతకమును వెలిసిపోవుచున్నది. దానికేమి పూయుదును?”

ఏమియు పూయవలదంటిమి. పూర్వము పలువు రిట్టి బంతులకు రక్షణకై లక్కపూత నిచ్చిరి. కాలక్రమమున నా పూతయే పసుపెక్కి తెలుపును మ్రింగివేసెను. పాండవులకు విడిదియైన లక్కయిల్లే ముప్పైనది గదా!

అక్కడి పెద్దపోటీలలో 1974వ సంవత్సరమునుండి గుఱ్ఱపుతోలునకు బదులు ఆవుతోలు బంతులు వచ్చినవి. ఏ తోలైనను వయసుతో కొంత రంగు మారును. ఎండ సిరాను హరించును. చేతి జిడ్డు మచ్చలగును. చెమ్మ బూజును దెచ్చును. కావున బంతిని శుభ్రమైన నూలు చేతొడుగులతో బట్టి, ఆమ్లము లేని కాగితమున జుట్టి, పెట్టెలో బెట్టి, వెలుతురు సోకని పొడి యలమరలో నుంచవలెను. తుడిచి తెలుపు చేయబూనిన సంతకమే పోవును.

పోయిన వన్నె తిరిగి రాదు, ఉన్నదానిని నిలుపుకొనవచ్చును. తాతగారి యాబ్దికమునాడు బాబునకు జూపి, మరల చీకటిలో దాచుమని వ్రాసితిమి. మన యిండ్లలోని పెద్దల చేవ్రాతలకును నిదియే మార్గము.