అరటిని కొడితే పాపమా?

పెళ్ళి పందిరికి గెలతో ఉన్న అరటిని కొట్టుకొస్తే, "కాసే చెట్టును చంపేశారే" అంటారు మన పీలమేడు పిల్లలు. అది చెట్టే కాదని వాళ్ళకు చెప్పాలంటాం మేము. దానికి మాను లేదు; బోదె అంటే ఒకదాన్నొకటి చుట్టుకున్న ఆకు మట్టలే. అసలు కాండం నేలలోని దుంప. మనం కూర వండుకునే దూట, గెలను పైకి మోసుకొచ్చే కాడ. ఒక బోదె ఒక్కసారే గెల వేస్తుంది. కొట్టకపోయినా తర్వాత ఎండిపోతుంది. దుంప నుంచి పిలకలు లేస్తాయి. తినే అరటికి మొలిచే గింజ ఉండదు, పిలకే విత్తనం. కాబట్టి బోదె కొట్టడం పాపం కాదు. దుంపను పెకలించి పెరడంతా సిమెంటు పోయడమే తప్పు. "వాళైమరం" ఒక్కటే తెలిసిన పిల్లలకి బోదె, దూట, పిలక అనే మన మాటలు ఆ మొక్క దగ్గరే నేర్పుదాం. గెల దిగిన ఇంటివాళ్ళు ఓ పిలక పక్కింటికి ఇవ్వండి.